అమెరికాలో ఇన్‌కమ్ ట్యాక్స్‌ని సుప్రీంకోర్టు ఎందుకు కొట్టేసింది?

ఫ్రెండ్స్, "అమెరికాలో ఇన్‌కమ్ ట్యాక్స్ రాజ్యాంగానికే విరుద్ధం, కట్టక్కర్లేదు" అనే రీల్స్ మీరూ చూసే ఉంటారు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మన తెలుగువాళ్లకి ఇది జేబుకు సంబంధించిన విషయం. అందుకే నేను ఇవాళ అసలు చరిత్ర చెప్తాను.

ఆ మాట ఒకప్పుడు నిజమే. 1894లో అమెరికా కాంగ్రెస్ ఏడాదికి 4,000 డాలర్లు దాటిన ఆదాయంపై 2 శాతం పన్ను వేసింది. మరుసటి ఏడాదే పొలాక్ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. ఎందుకంటే, ప్రత్యక్ష పన్నును రాష్ట్రాల మధ్య జనాభా లెక్కన పంచాలని రాజ్యాంగంలో ఉంది. అద్దెలు, డివిడెండ్ల మీద వేసేది కూడా ప్రత్యక్ష పన్నే అంది కోర్టు.

మరి అలా పంచితే ఏమవుతుంది? ఒకే జనాభా ఉన్న రెండు రాష్ట్రాలూ ఒకే మొత్తం కట్టాలి. అంటే పేద రాష్ట్రం వాళ్ల మీదే ఎక్కువ రేటు పడుతుంది! అందుకే 1913 ఫిబ్రవరిలో 16వ సవరణ తెచ్చారు. ఆదాయం ఎలా వచ్చినా, జనాభా లెక్కతో పనిలేకుండా పన్ను వేయొచ్చు. 1916లో బ్రషేబర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ పన్ను చెల్లుతుందని తేల్చేసింది.

ఆ సవరణే చెల్లదని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. కోర్టులు ఒప్పుకోవట్లేదు. అలాంటి వాదనతో రిటర్న్ వేస్తే 5,000 డాలర్ల జరిమానా పడొచ్చు.

తీర్పు మారడానికి 18 ఏళ్లు పట్టింది, నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాల్సి వచ్చింది. సగం కథ చెప్పే రీల్‌ని నమ్మి రిటర్న్ మానేయకండి.