ఎండిన దూలం

గడీల చరిత్ర రాసినోళ్లు దొరల పేర్లు రాసిండ్రు. దర్వాజల మీది నగిషీ గురించి రాసిండ్రు. ఆ దూలం అడివి నుంచి ఎట్లొచ్చింది, ఎవరు కోసిండ్రు అన్నది రాయలేదు. నేను సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే పంతుల్ని. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని. రాయకుండా ఇడిచిన ఆ ముక్క నాకు పుస్తకాల్లో దొరకలేదు. కామారెడ్డిలో మా బాపు రంపం కింద కూసున్నప్పుడు దొరికింది.

మాది ఎల్లారెడ్డి దిక్కు అడివి అంచు పల్లె. నిజాం కాలంల మా తాత వెట్టి మాదిగ. దొర ఇల్లు కట్టాలంటే మా వాడ మొత్తం కదలాలె. టేకు మాను నరికేది, మోకులేసి బండ్లదాకా గుంజేది, రంపం పెట్టి కోసేది మావోళ్లే. కూలి లేదు. అంబలి పోస్తే పోసినట్టు. 1936లో భగేలా ఒప్పందాల మీద నిజాం సర్కారు చట్టం చేసింది. ఆ కాగితం మా పల్లెదాకా రాలేదు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది, 1949లో జాగీర్లు రద్దయినై. గడీలు మాత్రం నిలబడే ఉన్నయి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు లేచినంక ఆ గాలి మా దిక్కూ వచ్చింది. దొరలు ఒక్కొక్కరే పట్నం చేరిండ్రు. ఖాళీ గడీలు కొన్ని కూలినై, కొన్నింటిని విప్పి కర్ర అమ్ముకున్నరు.

ఆ కర్ర కామారెడ్డికి వచ్చేది. కొన్నోళ్లు ముందుగాల కోత మిషినుకే తీసుకపోయేటోళ్లు. మిషినోళ్లు వద్దని దండం పెట్టేటోళ్లు. పాత దూలంల సీల ఎక్కడున్నదో తెల్వదు. తగిలితే బ్లేడు తెగుతది. అప్పుడు మా బాపును పిలిచేటోళ్లు. బ్లేడు పోతే వాళ్లకు నష్టం. బాపు చెయ్యి పోతే వాళ్లకేం నష్టం?

పచ్చి కర్ర వేరు, ఎండిన కర్ర వేరు. పచ్చి మానుల రంపం మెత్తగ పోతది, పొట్టు తడిగ రాలుతది. తేమ సుమారు 30 శాతం కంటే దిగినకాడి నుంచి కర్ర గట్టిపడుకుంట పోతదని నేను తర్వాత చదువుకున్న. బాపు ఆ సంగతిని మణికట్టుతోటి తెలుసుకున్నడు. పైగా టేకులో సన్న ఇసుకలాంటి సిలికా ఉంటది. రంపం పండ్లు మొద్దువారుతయి. కొంతసేపు కోసుడు, ఆకురాయి పట్టి నూరుడు, మళ్ల కోసుడు. పండ్లను అటొకటి ఇటొకటి వంచుడు కూడా లెక్కనే. పచ్చి కర్రకు ఎక్కువ వంచాలె, లేకుంటే రంపం ఇరుక్కుంటది. ఎండిన కర్రకు తక్కువ వంపు సాలు. ఎక్కువ వంచితే గాడి వెడల్పయి రెక్కలు పోతయి. ఒక్కోసారి సగం కోసినంక రెండు చెక్కలు దగ్గరికొచ్చి రంపాన్ని పట్టేస్తయి. సందుల చీలిక కొట్టి, రంపానికి గాసునూనె రాసి మళ్ల గుంజాలె.

సీలలు ముందే ఏరాలె. ఇనుము దిగినచోట టేకు నల్లబడుతది. బాపు ఆ మచ్చ చూసి ఉలితోటి తవ్వి తీసేటోడు. తల తెగి లోపలే మిగిలింది మాత్రం రంపానికి తగిలినప్పుడే తెలుస్తది.

పైమనిషి గీత చూసుకుంట రంపం నడుపుతడు. కిందిమనిషి గుంజుతడు. కిందికి గుంజినప్పుడే కోత పడుతది, పొట్టంతా కిందోని మీదనే పడుతది. ముప్పై ఏండ్లు అట్ల కింద కూసున్నది మా బాపే. పైన మా పెదబాపు. 2000 సంవత్సరంల, నాకు పన్నెండేండ్లప్పుడు, ఐతారాలు నేను బాపు పక్కన కూసోని గుంజేటోన్ని. ఎండిన టేకు పొట్టు పిండిలెక్క కండ్లల్ల, ముక్కుల దిగుతది. మొఖానికి తువ్వాల కట్టినా ఆగదు.

ఒక ఐతారం రంపం కర్రుమన్నది. మూడు పండ్లు ఇరిగినై. కర్ర కొన్నాయన వచ్చి, చెక్క ఖరాబైందని కూలిల పట్టుకున్నడు. బాపు లేచి, "ఆ సీల మేం కొట్టినమా పటేలా?" అన్నడు. మా తాత ఉంటే "నీ బాంచెన్" అనేటోడు. కూలి రాలేదు గని, ఆ మాట నాకు యాదుంది.

ఇంటికి పోయేటప్పుడు అడిగిన: "బాపూ, ఈ దూలం తాత గుంజిందేనా?"

"ఏమో బిడ్డా. గుంజినోని పేరు కర్ర మీద రాస్తరా?"

ఇప్పుడు బాపుకు నాలుగడుగులేస్తే ఆయాసం. దవఖానల డాక్టరు బీడీ మానుమన్నడు. బాపు ఎన్నడూ బీడీ ముట్టలేదు.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. 2022లో మా జిల్లాలోని దోమకొండ కోటకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డు వచ్చింది. మంచిదే. పాత కట్టడాలు నిలవాలె, అవి మావోళ్ల చెమట కూడా. కాకపోతే ఏ పాత కట్టడం పాఠమొచ్చినా నేను పిల్లలను ఒకటే అడుగుత: "ఈ దూలం ఎవరు కోసిండ్రు?"

"దొర కట్టించిండు సార్" అంటరు.

"కట్టించింది దొర. కట్టింది ఎవరు? ఇంటికి పోయి మీ తాతలను అడుగున్రి."

పోయినేడు ఏడో తరగతి పిల్ల ఒకతి నోటుబుక్కుల రాసుకొచ్చింది. వాళ్ల ముత్తాత మోకు పట్టి గుంజిండట. కింద ఆయన పేరు రాసి, రెండు గీతలు కొట్టింది.