తొలి కిల్టు: ఎవరి గళ్లు?

స్కాట్లండు దేశీయుల కిల్టును మొదటిసారి కుట్టించుకొనువారికి కలుగు సందేహ మొకటి గలదు: ఏ వంశపు గళ్లు ధరించుటకు తమకు హక్కు? మనము చరిత్రను చూచినచో ఈ సంకోచమునకు ఆధారము స్వల్పమని తెలియును.

పూర్వము హైలాండు కొండసీమవారు టార్టాను అను నిడుపాటి గళ్ల ఉన్నిబట్టను కుచ్చెళ్లు పోసి, నడుమున పటకాతో బిగించి, మిగిలిన చెరగును భుజముపై వేసికొనెడివారు. 18వ శతాబ్దిలో పైభాగము విడిపోయి నేటి కిల్టు ఏర్పడినది. 1746లో కల్లోడెన్ యుద్ధమున జాకొబైటులు ఓడిన పిదప బ్రిటిషు పార్లమెంటు ఈ వేషమును నిషేధించెను. తొలి నేరమునకు ఆరు నెలల చెర, మలి నేరమునకు ఏడేండ్ల ద్వీపాంతరవాసము. సైనికులకు మినహాయింపు ఉండెను. 1782లో ఆ శాసనము రద్దయ్యెను. 1822లో నాల్గవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చినపుడు, వాల్టర్ స్కాట్ ప్రేరణమున వంశనాయకులు తమ గళ్లు వెదకికొనిరి. వంశమున కొక గళ్లబట్ట యను నియమము ఆ కాలముననే పాతుకొన్నది.

కావున వంశనామము లేనివారు వెనుదీయ నక్కరలేదు. బ్లాక్ వాచ్ పటాలపు నీలి, ఆకుపచ్చ గళ్లు ఏ వంశము లేనివారును ధరించునవే. చూడవలసినది వేరు: ఉన్ని బరువుగా నుండి వెనుక కుచ్చెళ్లు నిలుచునా, అంచు మోకాటి నడుమకు వచ్చునా యనునది. నిండు కిల్టునకు ఎనిమిది గజముల బట్ట పట్టును. ఒకనాడు చెరకు దారితీసిన వస్త్రమిది; నేడు దానిని ఎంచుకొనువానికి ఇంటిపేరు అడ్డు కారాదు.