ఠాణా వచ్చింది, బాగు ఎవరికొచ్చింది?

కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన గ్రూపులో చాలామంది ఉన్నారు. ఈ పోస్టు వాళ్ళ కోసం. కాస్త పెద్దది, ఓపికగా చదవండి.

పోలీసులుంటే శాంతి, శాంతి ఉంటే వ్యాపారం, వ్యాపారం ఉంటే అభివృద్ధి అని చదువుకుంటాం. మాట తప్పు కాదు. కానీ మన రంప చరిత్ర ఇంకో ప్రశ్న అడుగుతుంది: ఆ పోలీసు ఎవరి సొత్తుకి కాపలా?

1859 చట్టంతో మద్రాసు రాజధానిలో కొత్త పోలీసు శాఖ ఏర్పడింది. తర్వాత మన్యంలోకీ ఠాణాలొచ్చాయి. కల్లు కాంట్రాక్టర్లు, మైదానం షావుకార్లూ వచ్చారు. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా మన్సబ్‌దారు చిగురుపన్ను వేశాడు. షావుకారు మైదానంలోని కోర్టులో దావా వేస్తే కొండ మనిషికి కబురే ఉండేది కాదు, డిక్రీ మాత్రం గుమ్మం దాకా వచ్చేది. 5 రూపాయల బాకీకి 100 రూపాయల పశువులు, పంట పట్టుకుపోయిన సంగతి సర్కారు వాళ్ళే రాసుకున్నారు. పోలీసులు ఆపలేదు సరికదా, వాళ్ళ వసూళ్ళు వాళ్ళు చేసుకున్నారు.

షావుకారుకి లాభం, సర్కారుకి రాబడి. కొండవాడి దొడ్డి మాత్రం ఖాళీ.

1879 మార్చిలో రంప తిరగబడింది. మొదటి దెబ్బ పోలీసుల మీదే పడింది. అణచడానికి సైన్యాన్ని దించాల్సి వచ్చింది. ఆ తర్వాత సర్కారు ఏం చేసింది? మన్సబ్‌దారుని తీసేసింది, ముఠాదార్లకి నేరుగా సనదులిచ్చింది, ఇంటి కల్లుకి అడ్డు తొలగించింది. అంటే తప్పెక్కడుందో వాళ్ళకీ తెలిసిందన్నమాట.

అయినా కథ ఆగలేదు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు కూలీలకి న్యాయమైన కూలీ ఇవ్వలేదు. రోడ్డు కూడా అభివృద్ధే కదా! 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, మన పెద్దలు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారు.

ఠాణా ఉండటం తప్పని నేను అనను. మన పశువుకి, మన కూలీకి, మన భూమికి కూడా కాపలా ఉంటేనే మన ఊళ్ళోనూ నాలుగు డబ్బులు నిలుస్తాయి. 1/70 చట్టం కాగితం మీద ఉంటే చాలదు, ఫిర్యాదు రాసుకునే చెయ్యి కావాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు ఆ చెయ్యి మీదే కావచ్చు. ఖాకీ వేసుకున్నాక రంపని మరిచిపోకండి. జై ఆదివాసీ.