తొలిక నుంచి మందు డబ్బా దాకా

కణేకల్ చుట్టుపక్కల ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. హగరి ఒడ్డు ఇసుకను లేపి చేల మీద దిబ్బలు పోస్తుంది. ఆ గాలిలోనే ఇప్పుడు మనవాళ్లు వీపున డబ్బా కట్టుకొని తోటల్లో కలుపు మందు కొడుతున్నారు. ఆ డబ్బా మన వీపు మీదికి ఎట్లా వచ్చింది?

మన పెద్దలకు కలుపు పనంటే తొలిక, గుంటక. జిల్లాలో ఏడాదికి సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. కొత్తగా నాటిన చీనీ మొక్కకో మామిడి మొక్కకో అందాల్సిన తడిని తుంగ, గరిక ముందే తాగేస్తాయి. అందుకే మొదటి మూడేళ్లు ఆడవాళ్లు వరుసగా కూర్చొని పాదు పాదూ గోకి శుభ్రం చేసేవాళ్లు. తండాల్లో చాలా ఇళ్లు ఆ కూలితో గడిచాయి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. తర్వాత ఆ పథకం కింద ఎస్సీ, ఎస్టీ చిన్న రైతుల భూముల్లోనూ పండ్ల మొక్కలు నాటారు. అట్లా తోట మనదైంది, దాంట్లోని కలుపూ మనదే అయింది.

మందుల కథ మాత్రం దూరాన మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్, అమెరికా పరిశోధనల్లో 2,4-డి బయటపడింది. పారాక్వాట్ 1962లో, గ్లైఫోసేట్ 1974లో అమ్మకానికి వచ్చాయి. పారాక్వాట్ తాకిన ఆకును తాకిన చోటే మాడుస్తుంది. గ్లైఫోసేట్ ఆకు నుంచి వేరుదాకా దిగుతుంది. లేత మొక్క కాండం ఇంకా పచ్చగా ఉంటుంది కాబట్టి తుంపర పడితే ఆ బెరడు కూడా మందును పీల్చుకుంటుంది. కలుపుతోపాటు చీనీ మొక్కా పోతుంది.

మనిషి సంగతి ఇంకా ఘోరం. పారాక్వాట్ ఒక్క గుక్క లోపలికి పోయినా ఊపిరితిత్తులు చెడిపోతాయి, విరుగుడు లేదు. యూరప్ 2007లో దాన్ని ఆపేసింది. మన దేశంలో 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన పిండి తిని వందమందికి పైగా చనిపోయాకే 1968 నాటి పురుగుమందుల చట్టం వచ్చింది. డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు ఆ చట్టం కింద వచ్చినవే. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని ఆదేశించింది. కూలికి పోయే మన కుర్రాడికి ఆ ఆదేశం ఎవరు చదివి చెప్పారు? లేబుల్ మీద అక్షరాలు చీమల బారులా ఉంటాయి, మాకే కళ్లద్దాలు కావాలి.

కొట్టక తప్పదనుకుంటే గాలి లేని పొద్దున, నాజిల్‌కు హుడ్ తగిలించి, చెట్టు మొదలుకు రేకు అడ్డం పెట్టి కొట్టాలి. చేతికి గ్లౌజులు, కాలికి బూట్లు, ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పని ఇచ్చినవాళ్లనే అడగాలి. కలుపు మందు కొట్టిన డబ్బాతో పురుగుమందు కొట్టకూడదు. అడుగున మిగిలిన 2,4-డి మరుసటి వారం పంటను ముడిచేస్తుంది. ఖాళీ సీసాను నీళ్లకు వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి, అది చూసినప్పుడల్లా మాకు భయమేస్తుంది.

పాదు వరకు తొలికే మేలు. గోకినచోట చెనక్కాయ పొట్టు మందంగా పరిస్తే తడి నిలుస్తుంది, గడ్డి తక్కువ మొలుస్తుంది. వరుసల నడుమ అలసందలో ఉలవలో చల్లుకుంటే నేల కప్పుకుంటుంది, ఇంటికి నాలుగు గింజలూ వస్తాయి.