బొమ్మ విమానం జిగురు: ఒక వైద్యుని చూపులో దాని చరిత్ర

కిందటి వేసవి సెలవుల్లో మా మనవడు ప్లాస్టిక్ విమానం నమూనా పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. చట్రానికి అంటుకొని ఉన్న చిన్న చిన్న ముక్కలను కత్తిరించి, ఒక్కొక్కటిగా అతికించి, అసలు విమానంలో డెబ్బై రెండో వంతు కొలతతో బొమ్మను నిలబెట్టాలి. పెట్టెలో జిగురు లేదు. వాడు ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ పట్టుకొని వచ్చి, "తాతయ్యా, ఇది చాలు కదా?" అని అడిగాడు. ఏ జిగురు గట్టిగా పట్టుకుంటుందన్నది ఆ ప్రశ్నలో సగం మాత్రమే. ఆ జిగురు పిల్లవాడి కంటికి, ఊపిరికి, మెదడుకు ఏమి చేయగలదన్నది మిగిలిన సగం. ఈ రెండు సగాలూ చరిత్రలో కలిసే నడిచాయి.

1839లో బెర్లిన్ నగరంలో ఎడువార్డ్ సిమోన్ అనే ఔషధ వర్తకుడు స్టోరాక్స్ అనే చెట్టు బంక నుంచి ఒక తైలాన్ని తీశాడు. నిలవ ఉంచినకొద్దీ అది చిక్కబడి గడ్డ కట్టింది. పాలిస్టైరీన్ కథకు అదే నాంది. దానిని పెద్ద ఎత్తున తయారుచేయడం 1930లలో మొదలైంది. అదే దశకంలో, 1936లో, బ్రిటన్‌లో 'ఫ్రాగ్ పెంగ్విన్' పేరుతో ప్లాస్టిక్ విమాన నమూనాలు వెలువడ్డాయి. అవి సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసినవి కనుక కాలక్రమంలో వంకరలు పోయేవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాటి స్థానాన్ని పాలిస్టైరీన్ ఆక్రమించింది. 1950లలో ఎయిర్‌ఫిక్స్ వంటి సంస్థల చౌక నమూనాలతో ఈ వినోదం ఇంటింటికీ చేరింది.

పాలిస్టైరీన్‌ను అతికించే జిగురు నిజానికి జిగురు కాదు, ద్రావకం. అది రెండు ముక్కల అంచులను కాస్త కరిగిస్తుంది. కరిగిన పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ద్రావకం ఆవిరైపోగానే రెండు ముక్కలూ ఒకే ముక్కగా గట్టిపడతాయి. కంసాలి టంకం వేసినప్పుడు మధ్యలో మరో లోహం మిగులుతుంది. ఇక్కడ మధ్యలో పరాయి పదార్థమేదీ మిగలదు. అందుకే ఆ అతుకు అంత దృఢంగా ఉంటుంది.

ఆనాటి ట్యూబుల్లో ప్రధానంగా వాడిన ద్రావకం టోలుయీన్. ప్లాస్టిక్‌లోకి సులువుగా చొరబడే ఈ ద్రవం కొవ్వులోకీ అంతే సులువుగా చొరబడుతుంది. మన మెదడులో నరాల తంతువులకు తొడుగుగా ఉండే మైలిన్ పొర చాలావరకు కొవ్వే. ఆవిరిని పీల్చితే నిమిషాల్లో మత్తు, తూలుడు, మాట తడబాటు కలుగుతాయి. ఏళ్ల తరబడి పీల్చినవారిలో మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతిని జ్ఞాపకశక్తి, నడక, చూపు క్షీణిస్తాయి. జిగురుగా దానిని పనికివచ్చేలా చేసిన గుణమే విషంగానూ మారింది.

1959లో అమెరికాలోని డెన్వర్ నగర పత్రికలో, పిల్లలు మత్తు కోసం జిగురు పీలుస్తున్నారన్న వార్త వచ్చింది. ఆ పీల్చే పద్ధతి కూడా వార్తలలోకి ఎక్కింది. హెచ్చరికలు పెరిగినకొద్దీ అలవాటు తగ్గలేదు, ఊరి నుంచి ఊరికి పాకింది. పత్రికల ప్రచారమే ఒక స్థానిక దురలవాటును దేశవ్యాప్త సమస్యగా మార్చిందని 1972లో ఎడ్వర్డ్ బ్రెచర్ తన గ్రంథంలో వాదించాడు. ఆరోగ్య విషయాలు రాసేవారందరం మరువరాని పాఠం ఇది. హాని గురించి చెప్పాలి కాని, హాని చేసుకునే విధానం నేర్పకూడదు.

1970లో మిల్లర్డ్ బాస్ అనే వైద్యుడు ఇటువంటి ఆవిరులు పీల్చి హఠాత్తుగా మరణించిన 110 మంది యువకుల ఉదంతాలను ప్రచురించాడు. వాటిలో ఎక్కువ భాగం స్ప్రే డబ్బాల వాయువులు, శుభ్రపరిచే ద్రావకాల వల్ల సంభవించినవి. ఆ ఆవిరుల ప్రభావంలో ఉన్న గుండె ఎడ్రినలిన్‌కు అతిగా స్పందిస్తుంది. అప్పుడు పరుగెత్తినా, బెదిరినా లయ తప్పి ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవారికీ ఈ ప్రమాదం ఉంది.

1960ల చివర టెస్టర్స్ అనే అమెరికన్ సంస్థ ఒక ఉపాయం పన్నింది. జిగురులో కొద్దిగా ఆవనూనె సారం, అంటే ఎలిల్ ఐసోథయోసయనేట్, కలిపింది. కొత్త ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు ముక్కుకెక్కే ఘాటు మనకు తెలిసినదే. పీల్చబోయినవాడికి కళ్లు, ముక్కు మండిపోతాయి. బొమ్మ అతికించుకునేవాడికి పెద్ద ఇబ్బంది ఉండదు. నీతిబోధ చేయలేని పని ఆవఘాటు చేసింది. తరువాతి కాలంలో టోలుయీన్‌కు బదులు బ్యూటైల్ ఎసిటేట్, నారింజ తొక్కల నుంచి లభించే లిమొనీన్ వంటివి వాడుకలోకి వచ్చాయి. కొన్ని పలుచని జిగుర్లలో డైక్లోరోమీథేన్ వాడేవారు. అది దేహంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. సీసా మీద ఆ పేరు కనిపిస్తే ఇంటికి తేకపోవడమే మంచిది.

ఇక మా మనవడి చేతిలోని ఫెవిక్విక్ సంగతి. అది సయనోఎక్రిలేట్. 1942లో తుపాకుల గురిచూపు అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెదుకుతూ కొడక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందం దానిని తయారుచేసింది. తాకిన ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పెట్టేసింది. 1951లో మళ్లీ పరీక్షిస్తుండగా విలువైన పరికరంలోని రెండు పట్టకాలు అతుక్కుపోయాయి. అప్పుడు గాని ఆ దోషమే గుణమని వారికి స్ఫురించలేదు. 1958లో అది విపణిలోకి వచ్చింది. వియత్నాం యుద్ధంలో గాయాల రక్తస్రావం ఆపడానికి దానిని చల్లారు. చర్మం అతికించే వైద్యరకానికి 1998లో అమెరికాలో అనుమతి లభించింది. ఇంట్లోని ట్యూబు ఆ రకం కాదు, గాయాలపై వాడరాదు.

ఈ జిగురు తేమ తగిలితే గట్టిపడుతుంది. వేళ్లు, కనురెప్పలు క్షణంలో అతుక్కుపోవడానికి కారణమదే. కంటి చుక్కల మందు అనుకొని దీనిని కంట్లో వేసుకున్న ఉదంతాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. అలా జరిగితే రెప్పలను లాగకుండా, గోరువెచ్చని నీటితో కడుగుతూ వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్లాలి. నూలు బట్టపై ఒలికితే ఒళ్లు కాలేంత వేడి పుడుతుంది. దీని ఆవిరి గాజులాంటి భాగాలపై తెల్లని పొర కూడా వేస్తుంది.

కాబట్టి మా మనవడికి ఇలా చెప్పాను. పాలిస్టైరీన్ ముక్కలకు టోలుయీన్ లేని ప్లాస్టిక్ జిగురు వాడాలి. అతికే చోట రంగు ఉంటే ముందు గీకివేయాలి. విమానం కిటికీ అద్దాలకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురు చాలు. లోహపు ముక్కలకు ఫెవిక్విక్ వాడవచ్చు, కాని అది పెద్దల చేతిలోనే ఉండాలి. కిటికీలు తెరిచి కూర్చోవాలి, పని కాగానే మూత బిగించాలి. ట్యూబును మందుల పెట్టెకు దూరంగా ఉంచే బాధ్యత నేను తీసుకున్నాను.

పిల్లల చేతిలోని బొమ్మను లాక్కోవడం సులభం. పక్కన కూర్చుని ఏది ఎందుకు వాడాలో చెప్పడానికి మాత్రం ఒక మధ్యాహ్నం కావాలి. ఆ మధ్యాహ్నాన్ని వారికి ఇవ్వమనే నా మనవి.