పాతబస్తీలో పీజీ చదువులకు డబ్బు అందే వేళ: ఒక పరిశీలన

హైదరాబాద్ ముస్లింల ఉన్నత విద్య గురించి రాసేవాళ్లు దాదాపు అందరూ 2006 నవంబరు నాటి సచార్ కమిటీ నివేదికతో మొదలుపెట్టి, అందులోని లెక్కలతోనే ముగిస్తారు. ఇరవై ఏళ్లు, ఆపైబడిన ముస్లింలలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవారు 4 శాతం లోపేననీ, పేరున్న కాలేజీల పీజీ తరగతుల్లో యాభై మందికి ఒక్కరే ముస్లిం అనీ ఆ నివేదిక చెప్పింది. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. వాటికి మామూలుగా చెప్పుకునే కారణంతోనే పేచీ. ఇంట్లో డబ్బు చాలదు, బ్యాంకు అప్పివ్వదు, చదువు ఆగిపోతుంది అన్నది ఆ వాదన. యాకుత్‌పురా, తలాబ్‌కట్ట, శాలిబండ ఇళ్లలో పీజీ సీటు వదులుకున్న పిల్లలతో, వాళ్ల తల్లులతో మాట్లాడేకొద్దీ నాకు మరో సంగతి తట్టింది. సాయానికి అర్హులైనవాళ్లు, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కూడా ఆగిపోతున్నారు. ఫీజు గడువు ఒకరోజున, సాయం మరొక రోజున పడటమే వీళ్లను ఆపుతోంది.

బ్యాంకులు కొన్ని ముస్లిం ప్రాంతాలను అప్పు పుట్టని ‘నెగటివ్ జోన్లు’గా గుర్తించి పెట్టుకున్నాయని సచార్ కమిటీ బయటపెట్టింది. అది చెప్పి తీరాల్సిన మాట. అయితే అప్పు దొరకని ఇంటినీ, అప్పు వద్దనుకున్న ఇంటినీ మామూలు వాదన ఒకే గాటన కడుతుంది. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణంలో 4 లక్షల వరకు మార్జిన్ కట్టక్కరలేదు, 7.5 లక్షల వరకు ఆస్తి తనఖా అడగరు. తలుపు తెరిచే ఉన్నా, సూద్ (వడ్డీ) అన్న ఒక్క కారణంతో దాని దరిదాపులకు పోని కుటుంబాలు పాతబస్తీలో గల్లీకి పది కనిపిస్తాయి. వడ్డీలేని పరపతికి దారి చూడాలని సచార్ నివేదిక తర్వాత కొద్దికాలానికే రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసింది. కానీ 2017లో రిజర్వు బ్యాంకు ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను పక్కనపెట్టేసింది. నగలు తాకట్టు పెట్టి వడ్డీ కట్టే ఇళ్లూ ఉన్నాయి గానీ, అది నెలా రెండు నెలల గండం గట్టెక్కడానికి చేసే పని.

నా వాదనకు అన్నిటికంటే బలమైన ఆధారం తెలంగాణ ప్రభుత్వం మైనారిటీలకు ఇచ్చే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 2015లో 10 లక్షలతో మొదలై, మరుసటి ఏడాదికే 20 లక్షలైంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాల్లో పీజీ చేయబోయేవారికి ఇంత పెద్ద మొత్తం తిరిగి కట్టక్కరలేకుండా ఇవ్వడం చిన్న విషయం కాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇక చెల్లింపు సంగతి చూడాలి. మొదటి సగం విద్యార్థి ఆ దేశంలో దిగి, దిగినట్టు ఇమ్మిగ్రేషన్ కాగితం పంపాక వస్తుంది. రెండో సగం మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక. విమానం ఛార్జీ కింద ఇచ్చే 60 వేలదీ అదే వరస, ముందు తన డబ్బుతో టికెట్ కొనుక్కోవాలి.

ఏడాదికి 5 లక్షలు మించి రాని తండ్రి, మీరాలంమండిలో దుకాణమో పత్తర్‌గట్టీలో కొలువో ఉన్న తండ్రి, ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఏమేం భరించాలో లెక్కవేసి చూడండి. జీఆర్‌ఈ, టోఫెల్ ఫీజులు, యూనివర్సిటీల దరఖాస్తు ఫీజులు, అడ్మిషన్ ఖాయం చేసుకోవడానికి డిపాజిట్, వీసా ఫీజు, వీసా అధికారికి చూపించాల్సిన ఏడాది ఖర్చుకు సరిపడా బ్యాంకు నిల్వ, టికెట్, దిగిన మొదటి నెలల అద్దె. ఇవన్నీ పెట్టుకోగలిగినవాడికే 20 లక్షలు దక్కుతాయి. ఆదాయ పరిమితి పేదవాణ్ని పిలుస్తుంది, చెల్లింపు నిబంధన అతన్ని వడపోసేస్తుంది. చివరికి ఈ పథకం ఎవరికి చేరుతోందో ఊహించడం కష్టం కాదు. గల్ఫ్‌లో అన్నో మామో ఉన్న ఇళ్లకు చేరుతోంది.

ఈ ఊరు ఒకప్పుడు ఇలా ముందు వెళ్లమని, తర్వాత డబ్బు ఇచ్చేది కాదు. 1895లో పదహారేళ్ల సరోజినీ చటోపాధ్యాయ్ (తర్వాతి సరోజినీ నాయుడు) లండన్ కింగ్స్ కాలేజీకీ, ఆ తర్వాత కేంబ్రిడ్జి గర్టన్‌కూ వెళ్లింది నిజాం విద్యార్థి వేతనం మంజూరయ్యాకే. 1920ల చివర్లో ఉర్దూ పండితుడు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ లండన్‌లో డాక్టరేట్ చేయడానికీ రాజ్య వేతనమే ఆధారం.

దేశంలోనే చదివేవారి పరిస్థితీ ఇదే. ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ, ఎంసీఏ చేరే అమ్మాయి ప్రభుత్వ ఈపాస్ పోర్టల్‌లో దరఖాస్తు పెడుతుంది, ఆర్‌టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) రాదు, కాలేజీ మార్కుల మెమో ఆపుతుంది. ఈ ఫీజు బకాయిల కోసం 2025 నవంబరులో యాజమాన్యాలే కాలేజీలు మూసి బంద్‌కు దిగాయి. ఉస్మానియా రెగ్యులర్ కోర్సుల్లో ఫీజు తక్కువ కాబట్టి అక్కడ ఈ చిక్కు అంతగా లేదనవచ్చు. 2022లో కేంద్రం ‘పఢో పర్‌దేశ్’నూ, మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ ఆపేసింది. మొదటిది బ్యాంకు రుణం మీద వడ్డీ రాయితీ, పాతబస్తీకి దానితో పని పడింది తక్కువే. రెండోది పోవడం మాత్రం పరిశోధక విద్యార్థుల నోటి కూడు తీసేసినట్టే.

ఇక ఎవరూ పట్టించుకోని జకాత్ (విధిగా ఇచ్చే దానం) సంగతి. పాతబస్తీలో పీజీ చదువులకు వడ్డీలేకుండా, కాగితాల బెడద లేకుండా దొరికే డబ్బులో పెద్ద పాలు రంజాన్ జకాతే. అయితే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2010 నుంచి 2013 దాకా అది జూలై, ఆగస్టు, సెప్టెంబరు మధ్యనే పడింది, అంటే సరిగ్గా అడ్మిషన్ల కాలంలో. 2026లో ఫిబ్రవరికి వచ్చేసింది. పీజీ ప్రవేశాల సీపీగెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే నాటికి, అమెరికా ఫాల్ సీట్లకు డిపాజిట్ కట్టే నాటికి దాతల చేతులు ఖాళీ. గత దశాబ్దంలో పాతబస్తీ పీజీ చేరికలు తడబడటానికి ఏ ప్రభుత్వ విధానం కంటే ఈ క్యాలెండర్ జరుగుడే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఉద్యోగాలు, పెళ్లిళ్ల ఒత్తిడి కూడా కొంత ఉంటే ఉండవచ్చు.

రంజాన్ మళ్లీ ఆగస్టుకు చేరేసరికి 2040లు వస్తాయి. అందాకా ఆగలేం కాబట్టి రెండు పనులు జరగాలి. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదటి విడతను దిగిన కాగితం మీద కాకుండా వీసా ముద్ర మీద విడుదల చేయాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కరలేదు, ఒక్క జీవో చాలు. రెండోది, ట్రస్టులు రంజాన్‌లో వసూలైన జకాత్‌లో కొంత భాగాన్ని ఆగస్టు దాకా నిలిపి ఉంచగలగాలి. జకాత్‌ను ఆలస్యం చేయకుండా హక్కుదారుకు అందించాలి, అతన్ని ఆ డబ్బుకు యజమానిని చేయాలి (తమ్లీక్) అన్న హనఫీ నియమం ఇక్కడ అడ్డు వస్తుంది. రంజాన్‌లోనే విద్యార్థి పేర ఖాతా తెరిచి, అతని సమ్మతితో ఫీజు గడువు దాకా అందులో ఉంచితే తమ్లీక్ పూర్తయినట్టేనా? ఈ ప్రశ్నను షిబ్లీగంజ్‌లోని జామియా నిజామియా ముఫ్తీల ముందు పెట్టి, రాతపూర్వకంగా ఫత్వా అడగాలి.