జగిత్యాలలో పోలీసు క్యాంపులు ఎందుకు పడ్డాయి?

టౌన్‌లో దొంగతనాలు పెరిగితే మనం ఏమంటాం? పోలీసుల్ని పెంచాలి, నైట్ పెట్రోలింగ్ పెట్టాలి అంటాం. 2014లో హైదరాబాద్ రోడ్ల మీదికి ఇన్నోవా పెట్రోల్ బండ్లు దిగినప్పుడు అందరం సంతోషపడ్డాం. కానీ మా మేడిపల్లి వైపు పోలీసులు ఎక్కువైతే పెద్దోళ్లకు ఇంకో కథ గుర్తొస్తది.

1978 సెప్టెంబర్ 7. వేలాది మంది రైతు కూలీలు జగిత్యాలకు ఊరేగింపుగా వచ్చారు. అదే జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి పోవాలి, కూలి పెరగాలి అన్నదే వాళ్ల మాట. మాట వినని దొరలకు కొన్ని ఊళ్లలో చాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. ఆ దెబ్బకు కొందరు దొరలు పట్నాలకు పోయారు!

అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దానికి వాడింది 1948 నాటి చట్టం. గుంపులు నిషేధించిన చోట ఐదుగురు కలిస్తే, హెచ్చరించి కాల్చే అధికారం ఎస్సైకి కూడా ఇచ్చే చట్టం అది.

ఊళ్లలో పోలీసు క్యాంపులు పడ్డాయి. దొంగల కోసం కాదు, సంఘం పెట్టిన కూలీల కోసం. అరెస్టులకు భయపడి ఎంతోమంది యువకులు ఇల్లు విడిచారు. ఇంట్లో పెద్దోళ్లుంటే ఒకసారి అడిగి చూడండి.